కట్ట మీద కూర్చున్న రోజు

మా అత్త గోడలు తడిమి చూసేది. వాన పట్టిందంటే చాలు, పొయ్యి మీద అన్నం మాడిపోతున్నా వదిలేసి, ఇంటి గోడల పొడుగునా అరచెయ్యి ఆనించుకుంటూ తిరిగేది. ఎక్కడైనా మట్టి మెత్తగా తగిలితే అక్కడే చెయ్యి ఒత్తిపట్టి నిలబడిపోయేది, తాను చెయ్యి తీస్తే గోడ కూలిపోతుందన్నట్టు. వాడలో ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు. కాపురానికొచ్చిన కొత్తలో నేనూ ముఖం పక్కకు తిప్పుకుని నవ్వేదాన్ని.

ఆమె అట్లా ఎందుకు అయిందో తర్వాత మా వదిన చెప్పింది. వదిన అంటే మా ఆయన అక్క. మొగుడు పోయాక పుట్టింటికొచ్చి మాతోనే ఉండేది. అత్త చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్ల ఊరి చెరువు తెగిందట. ఆమె చెల్లెలి చెయ్యి పట్టుకుని పరిగెత్తుతుంటే నీళ్లు వచ్చి మీద పడ్డాయట. అత్త ఒక తాటిచెట్టుకు తట్టుకుని బతికింది. చేతిలో చెల్లెలి చెయ్యి లేదు. ఈ మాట అత్త నాతో ఎన్నడూ అనలేదు. నేనూ అడగలేదు.

మా ఊరు అల్లూరుకు తూర్పున, గాలి అటునుంచి తిరిగితే సముద్రం హోరు వినపడేంత దూరంలో ఉంటుంది. ఊరికి పడమట చెరువు. చెరువుకట్ట ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతుంది. కట్ట నడిమిభాగానికి ఎదురుగా, కాస్త మిట్ట మీద ఊరు. దక్షిణపు కొసన, కట్టకు ఆనుకున్నట్టుగా పల్లంలో మా వాడ. కాగితాల్లో హరిజనవాడ అని రాసేవాళ్లు. మేము వాడ అనే అనుకునేవాళ్లం. ఉత్తరపు కొసన కలుజు. చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోవడానికి ఎప్పుడో పూర్వం వాళ్లు కట్టిన రాతి అడ్డుగట్టు అది. దాని మీదుగా పొర్లిన నీళ్లు కలుజుకాలవలో పడి, తూర్పుగా పోయి బకింగాం కాలవలో కలవాలి.

నేను కాపురానికి వచ్చేనాటికి ఆ కలుజుకాలవ కాలవగా లేదు. ఊరి పెద్దకాపు దాన్ని ఏడాదికింత పూడ్చుకుంటూ వచ్చి వరి పెట్టించాడు. పైరు పెట్టినచోటికి నీళ్లు ఉరకకూడదు కదా, అందుకని కలుజు మీద రాళ్లు పేర్పించి, బంకమట్టి మెత్తించి ఎత్తు చేశాడు. చెరువులో నీళ్లు ఇంకాస్త నిలిస్తే రెండో కారు పంటకు పనికొస్తాయని తక్కిన రైతులు కూడా ఏమీ అనలేదు. ఆ రాళ్లు మోసింది మా వాడ మగవాళ్లే. పెద్దకాపు ఇంట్లో పాలేరుగా ఉన్న మా ఆయన కూడా మోశాడు.

ఆ కాలవ పైరుకు కావలిగా, గట్టు వారన యానాదుల గుడిసెలు కొన్ని ఉండేవి. చేలో ఎలుకలు పట్టడం, చీకటిపడితే పందులను తోలడం వాళ్ల పని. వాళ్లలో ఒకామె అప్పుడప్పుడూ మా వాడకు పీతలు తెచ్చేది. నేను కడుపుతో ఉండి అన్నం సయించక పడి ఉన్నప్పుడు, నాలుగు పీతలు తాటాకులో చుట్టుకొచ్చి మా గడప బయట పెట్టి, "ఉప్పూ కారం మంచిగా ఏసుకో అమ్మా, నోటికి తగులుతాది" అని చెప్పి పోయింది. ఆమె మా గడప దాటేది కాదు. ఊళ్లో వాళ్ల గడప మేము దాటనట్టే.

అరవైల మొదట్లో, నాకు పెళ్లయిన మరుసటి ఏడు కార్తీకంలో గాలివాన వచ్చింది. పంచాయతీ ఆఫీసు ముందు రేడియో ఉండేది. తుఫాను కబురు అందులో ముందే చెప్పారట. ఊళ్లో వాళ్లు గాదెలకు తాటాకులు కప్పుకున్నారు, గొడ్లను మిట్టకు తోలుకున్నారు. మా వాడకు ఆ కబురు గొడ్లను తోలడానికి పోయిన పాలేర్ల నోటే తెలిసింది. వాళ్లు కూడా ఊళ్లో పనులన్నీ ముగిసేదాకా ఇళ్లకు రాలేకపోయారు. మా ఆయన అసలు రాలేదు. పెద్దకాపు గడ్డివాముకు మోకులు కడుతున్నాడని ఎవరో చెప్పారు.

గాలి ఒక పూట ఊపి పోయింది. అది పోయాక వాన మొదలైంది. అది ఆగలేదు. మూడో రోజు తెల్లవారేసరికి మా ఇంటి పడమటి గోడ అడుగున ఊట కనిపించింది. అత్త చెయ్యి పెట్టి చూసి, ఆ చేతిని ముఖం దగ్గరికి తెచ్చుకుని వాసన చూసింది.

"ఇది వాన నీళ్లు కాదు మే. చెరువు నీళ్లు."

నాకు నెలలు నిండుతున్న కడుపు. బిడ్డ పొద్దుటి నుంచి కదలలేదు. కదలలేదని అత్తతో చెప్పడానికి భయం. చెబితే ఆమె భయం కూడా నా మీద పడుతుంది. చెంబెడు గంజి తాగి పక్కకు తిరిగి పడుకుని కడుపు మీద చెయ్యి వేసుకున్నాను.

అప్పుడే వదిన వచ్చింది. ఆమె పెద్దకాపు గొడ్లచావిట్లో పేడ తీసేది. తడిసిన కోక కాళ్లకు చుట్టుకుంటుంటే పడుతూ లేస్తూ వచ్చి, వాకిట్లోనే కూలబడింది.

"కట్టకు గండి కొట్టమన్నాడమ్మా. చావిడి అరుగు మీద పెద్దోళ్లంతా కూచోని మాట్లాడుకుంటా ఉంటే విన్యా. చెరువు నిలవదంట. నడిమిన తెగితే ఊరు పోతాదంట. అందుకని దక్షిణం కొసన కొట్టేస్తే..."

"దక్షిణం కొస అంటే మన నెత్తినే గదా," అంది అత్త.

"ఆ గుడిసెలదేముంది, ఎండలొస్తే మళ్లా ఏసుకుంటారు అన్నాడు. మనుషుల్ని ముందుగా లేపమని చెప్పండి అని ఎవరో అంటే, చెప్తే గొడవ చేస్తారు, నీళ్లు రావడం చూస్తే వాళ్లే లేచి పోతారు అన్నాడు."

అత్త ఏడుస్తుందనుకున్నాను. ఆమె ఏడవలేదు. వణికింది. ఆ వణుకుతోనే మూలనున్న గోనెసంచి తీసి నెత్తిన కప్పుకుని బయటికి నడిచింది. వాడ వీధిలో ప్రతి ఇంటి ముందూ ఆగి ఒకటే మాట. "కట్ట తెంచుతారంట. లేవండి. నేను కట్ట మీద కూచుంటా ఉండా." రమ్మని ఎవరినీ అడగలేదు. తాను కూర్చుంటున్నానని మాత్రం చెప్పింది. అన్నిటికీ జడిసే మనిషి ఆ మాట అనడంతో ఎవరూ నవ్వలేదు.

నన్ను రావద్దంది. నేను ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేనన్నాను. కట్ట తెగితే ముందు పోయేది ఆ ఇల్లే. వదిన భుజం పట్టుకుని జారుతున్న కట్ట ఎక్కాను.

ఎక్కాక చూడకూడదనుకుంటూనే చెరువును చూశాను. రోజూ బిందెలు కడుక్కునే మెట్లు ఎక్కడున్నాయో తెలియడం లేదు. నీళ్లు కట్ట అంచుకు జానెడు కిందుగా ఉన్నాయి. ఎర్రగా, చెత్తతో, విరిగిన కొమ్మలతో, ఒక చచ్చిన మేకపిల్లతో ఊగుతున్నాయి. గాలి విసిరినప్పుడల్లా అల ఒకటి వచ్చి మా పాదాలు తడిపి, కాస్త మట్టి తీసుకుని పోతోంది. ఇటువైపు కిందికి చూస్తే మా ఇళ్ల కప్పులు. చెరువు నీళ్లు మా కప్పులకన్నా ఎత్తున ఉన్నాయన్న సంగతి నాకు అంతవరకూ తట్టనే లేదు.

అత్త కట్ట సన్నబడిన చోటు చూసుకుని అక్కడ కూర్చుంది. కొట్టదలచుకున్నవాళ్లు కొట్టేది అక్కడేనని ఎవరికైనా తెలుస్తుంది. ఆమె పక్కన వదిన, వదిన పక్కన నేను, తర్వాత ఒక్కొక్కరే వాడ ఆడవాళ్లు, ముసలివాళ్లు, చంటిపిల్లల్ని గోనెల కింద పెట్టుకున్న తల్లులు. కూర్చున్నామే గానీ ధైర్యంగా ఎవరూ లేరు. మా బరువుకు కట్ట ఇంకా కుంగుతుందేమోనని ఒకరికి అనుమానం. మేము కూర్చుని ఉండగానే అది దానంతట అదే తెగితే అని ఇంకొకరికి. ఒకామె లేచి కిందికి పోయి కోళ్లగంప తెచ్చుకుంది. ఎవరో ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు.

కాసేపటికి ఊరివైపు నుంచి కట్ట మీదుగా మనుషులు రావడం కనిపించింది. ముందు పారలు పట్టుకుని మా వాడ పాలేర్లు. వాళ్ల వెనక, తాటాకు గిడుగు కింద పెద్దకాపు. పారలు పట్టుకున్నవాళ్లలో మా ఆయన ఉన్నాడు.

దూరం నుంచే ఆయన నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను. పెద్దకాపు ఇంట్లో మూడు రోజులుగా తడిసి, అరిచి, మోసి, ఆయన ముఖం వేరేవాళ్ల ముఖంలా ఉంది. మాకు ముందే ఎవరు చెప్పారో ఆయనకు తెలియదు. వాళ్లకు పారలిచ్చి కట్ట మీదికి నడిపించేదాకా ఏ పనికో చెప్పలేదని తర్వాత అన్నాడు.

పెద్దకాపు కోపంగా రాలేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. నచ్చజెప్పే గొంతుతో మొదలుపెట్టాడు.

"ఏందమ్మా ఇది, వానలో బిడ్డల్ని పెట్టుకోని? దిగండి. పిల్లల్ని తీసుకోని బడి అరుగు మీదికి పొండి. చెరువు ఆగేటట్టు లేదు. నడిమిన తెగితే ఊరు ఊరంతా పోతాది, గాదెలు పోతాయి. గాదెలు పోతే మీరేం తింటారు? మీకు పెట్టేది ఎవరు?"

ఆయన ఎదుట మేము ఎప్పుడూ మాట్లాడింది లేదు. అత్త కూర్చున్నచోటే చేతులు జోడించింది. తల ఎత్తలేదు. నీళ్లతో మాట్లాడుతున్నట్టు మాట్లాడింది.

"కలుజు తియ్యండి సామీ."

"ఏంది?"

"కలుజు మీద రాళ్లు తీసేస్తే నీళ్లు పోతాయి గదా సామీ. చెరువు నిలస్తాది. ఊరూ నిలస్తాది, మేమూ ఉంటాం."

"కలుజు తీస్తే కింద పైరు ఏమైపోవాల? పిలకలేసిన పైరు అది. ఇసక మేటలేస్తే నేల కూడా పనికిరాదు."

"పైరు మళ్లా పెట్టుకోవచ్చు గదా సామీ."

ఆమె ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగింది. కానీ పెద్దకాపు ముఖం మారిపోయింది. మా ఆయన వైపు తిరిగాడు.

"రేయ్. నీ అమ్మను లేపరా."

మా ఆయన పార పట్టుకుని ముందుకొచ్చాడు. పార కిందికి దించి, ఒంగి, అత్త చంక కింద చెయ్యి వేశాడు. ఆయన లేపితే నేనేం చెయ్యాలి? లేపకపోతే రేపటి నుంచి మా బతుకు ఏమిటి? రెండిట్లో ఏది జరగాలని కోరుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. అత్త కొడుకు ముఖంలోకి చూసింది. ఆయన చాలాసేపు అట్లాగే ఒంగి ఉండిపోయాడు. తర్వాత మెల్లగా చెయ్యి తీసి, పారను అడ్డంగా పెట్టి, అమ్మ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మకు మోకాళ్లు పట్టేసినాయి సామీ. లేవలేకుండా ఉంది."

పెద్దకాపు ఇంకొక పాలేరును పిలిచాడు. అతను నేల చూస్తూ, "నా పెండ్లాం కూడా ఆడనే కూచోనుంది సామీ," అన్నాడు. మూడో మనిషిని పిలవలేదు. గిడుగు సర్దుకుని, "మీ పని మీరు చూసుకోండి, నా పని నేను చూసుకుంటా. ఊళ్లోంచి మనుషుల్ని పిలిపిస్తా," అని వెనక్కు తిరిగాడు.

ఆయన వెళ్లాక మాకు ఇంకా భయమైంది. ఊళ్లోవాళ్లు కర్రలతో వస్తారన్నారు ఒకరు. వచ్చేలోపల కట్టే పోతుందన్నారు ఇంకొకరు. నిజమే, నీళ్లు ఎక్కుతున్నాయి. జానెడు ఉన్నది ఇప్పుడు బెత్తెడే ఉంది. అత్త అరచెయ్యి కట్ట మీద ఆనించి ఉంచింది. తీయడం లేదు.

"ఊరికే కూచుంటే పోతాం," అన్నాడు మా ఆయన లేచి. "రాళ్లు మోసింది మనమే. తీసేది కూడా మనమే. పదండి."

కట్ట పొడుగునా ఉత్తరానికి పోవాలి. మధ్యలో ఊరికి ఎదురుగా పోయేటప్పుడు ఎవరైనా ఆపుతారేమోనని అందరికీ అనుమానమే. కానీ అక్కడ నిలబడి ఉన్న చిన్న రైతులు ఎవరూ ఆపలేదు. కట్ట దక్షిణాన తెగితే వాళ్ల పొలం ముక్కలు కూడా మునుగుతాయి. ఒక ముసలి రైతు తన గడ్డపారను కట్ట మీద పడేసి, ఇంటివైపు తిరిగి వెళ్లిపోయాడు. మా వాళ్లు దాన్ని తీసుకుని నడిచారు, వెనకే వదినా నేనూ.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. వదిన చెయ్యి పట్టి గుంజాను.

"వదినా, కలుజు కింద యానాదోళ్లు ఉండారు గదా."

ముందు పోతున్న మా ఆయన్ని కేక వేసి ఆపాను. ఆయన పక్కనున్నతను విసుగ్గా, "వాళ్లకేంది మే, నీళ్లలో పుట్టినోళ్లు. చూసుకోని లేచిపోతారు," అన్నాడు. చెడ్డవాడు కాదు. నిలబడి మాట్లాడే తీరిక లేనివాడు, అంతే. మా ఆయన మాత్రం నా ముఖం చూశాడు. "పోయి లేపండి. మీరు గట్టెక్కినాకే రాయి కదిలిస్తాం. బిరబిరా రావాల," అన్నాడు.

కడుపుతో ఉన్నదాన్ని పోవద్దని నేను లేచినప్పుడే అత్త వెనకనుంచి అరిచింది. తానొచ్చి ఆపలేదు. ఆ చోటు వదిలితే ఎవరొచ్చి గండి కొడతారోనని ఆమె భయం.

వదినా నేనూ కలుజు పక్కగా కిందికి దిగాం. మోకాళ్లదాకా బురద. పైరు పచ్చగా, వానకు వంగి, ఏమీ తెలియనట్టు ఉంది. గుడిసెలో పొయ్యి వెలిగించడానికి, పీతలు తెచ్చే ఆ యానాదామె తడి పుల్లలు ఊదుతోంది. పక్కన చంటిపిల్ల, కుక్కలతో ఆడుకుంటున్న ఇద్దరు పిల్లలు, మంచాన పడ్డట్టున్న ఒక ముసలామె.

"లెయ్యి మే. కలుజు తెరుస్తా ఉండారు. నీళ్లు ఇట్టనే వస్తాయి," అంది వదిన.

ఆమె లేవలేదు. "కాపు చెప్పినాడా?"

"కాపు చెప్పలా. మావోళ్లు తీస్తా ఉండారు."

"కాపు చెప్పకుండా మేం పైరు ఇడిచిపోతే సంపుతాడమ్మా. పోయినేడు ఒక పూట పోయినందుకు నా మొగుణ్ణి కట్టేసి కొట్టినాడు." భర్త చేను అవతలి గట్టున ఉన్నాడని, అతను వచ్చి చెబితేనే కదులుతానని అంది. వదిన బతిమాలింది, తిట్టింది. ఆమె పుల్లలు ఊదుతూనే ఉంది. నీళ్ల భయంకన్నా ఆ మనిషి భయం ఆమెకు పెద్దది.

కలుజు మీద మా వాళ్ల తలలు కనిపిస్తున్నాయి. ఊరివైపు కట్ట మీద ఎవరో గుంపుగా కదులుతున్నారు. వాళ్లు కర్రలవాళ్లో, చూడ్డానికొచ్చినవాళ్లో తెలియలేదు. ఆగమన్నా ఎంతసేపని ఆగుతారు? నేను ఇంకేమీ ఆలోచించలేదు. కింద పడుకోబెట్టిన చంటిపిల్లను తీసుకుని భుజాన వేసుకుని గట్టువైపు నడిచాను.

"అమ్మా, నా బిడ్డ! యాడికి తీసకపోతా ఉండావు!" అని ఆమె నా వెనక పరిగెత్తింది. తిట్లు తిడుతోంది. నేను ఆగలేదు. ఆగితే ఇచ్చేస్తాను. కడుపులో ఎక్కడో పట్టేసినట్టయింది, అయినా నడిచాను. తల్లి వస్తుంటే పిల్లలు వచ్చారు, పిల్లల వెనక కుక్కలు. ఈ కేకలకు చేను అవతల నుంచి భర్త పరిగెత్తుకొచ్చాడు. వదిన అతనితో ఏం చెప్పిందో, అతను కలుజు వైపు ఒకసారి చూసి, ముసలామెను వీపున వేసుకున్నాడు. మిగతా గుడిసెలవాళ్లను అతనే కేకలేసి లేపాడు.

గట్టెక్కాక ఆమె నా చేతుల్లోంచి బిడ్డను లాక్కుంది. నా ముఖం కూడా చూడలేదు. సరిగ్గా అప్పుడు నా కడుపులో బిడ్డ కదిలింది. పొద్దుటి నుంచి బిగబట్టుకున్న ఏడుపు నాకు అక్కడ వచ్చింది.

మా వాళ్లు గడ్డపార వేసి మొదటి రాయి దొర్లించారు. ముందు సన్నగా ధార కట్టింది. బంకమట్టి కోసుకుపోయింది. తర్వాత రాళ్లు వాటంతట అవే కదిలాయి. మనుషులు వెనక్కు దూకారు. ఎర్రటి నీళ్లు రంకెలేస్తూ పైరు మీద పడ్డాయి. పచ్చదనం కాసేపట్లో కనిపించకుండా పోయింది. గుడిసెలు ఒకదాని వెనక ఒకటి లేచి, తాటాకుల కప్పుతో సహా కొంతదూరం తేలి, విడిపోయాయి. యానాదామె చూస్తూ నిలబడింది. "కుండలు..." అంది.

గుంపుగా కనిపించినవాళ్లు కర్రలతో వచ్చినవాళ్లే. కానీ వాళ్లు వచ్చేసరికి ఆపడానికి ఏమీ మిగల్లేదు. చెరువు నీళ్లు కట్ట అంచును వదిలి దిగుతున్నాయని వాళ్లకూ కనిపిస్తోంది. తిట్టుకుంటూ నిలబడ్డారు. తమ ఊరు కూడా నిలిచిందని ఒకరిద్దరి ముఖాల్లో తెలుస్తూనే ఉంది. పైకి అనలేరు.

మేము తిరిగి వచ్చేసరికి సాయంకాలం కావస్తోంది. అత్త అక్కడే కూర్చుని ఉంది. అరచెయ్యి మట్టిలో దిగిపోయి ఉంది. నీళ్లు తీశాయమ్మా, లేవమని మా ఆయన అంటే లేవబోయి లేవలేకపోయింది. నిజంగానే మోకాళ్లు పట్టేశాయి. ఇద్దరు పట్టి లేపారు.

యానాదులను ఎక్కడ ఉంచాలన్న మాట అప్పుడు లేచింది. వాడలో మెరకగా ఉన్నది ప్రార్థన పాక ఒక్కటే. అందులో మా పిల్లలు, ముసలివాళ్లు అప్పటికే చేరారు. యానాదులను లోపలికి రానిస్తే ఎట్లా అని గొణిగినవాళ్లు ఉన్నారు. ఆ గొణుగుడు నా చెవిన పడింది, వాళ్ల చెవినా పడింది. వాళ్లు వానలో గోడవారకు జరిగి నిలబడ్డారు. అత్త చలికి పళ్లు కొట్టుకుంటూ, "వాళ్లను బయట పెడితే నాకు కన్ను మూతపడదు మే. మీరు రానియ్యకపోతే నేను కూడా ఈడనే నిలబడతా," అంది. కాస్త సర్దుకుని చోటు చేశారు. మనసారా కాదు. కానీ చేశారు.

మా ఇంటి పడమటి గోడ మర్నాడు కూలింది. వాడలో ఇంకా చాలా గోడలు కూలాయి. నేలంతా ఊటెక్కి ఎక్కడా పొయ్యి పెట్టే వీలు లేదు. వాన వెలిసిన తర్వాత జీపులో ఆఫీసరు వచ్చాడు. పెద్దకాపుతో కలిసి ఇసక మేటలు వేసిన పొలం అంతా తిరిగి చూశాడు. మా వాళ్లు దారికి అడ్డంగా నిలబడి వాడను కూడా చూడమని అడిగారు. ఆయన జీపు దిగకుండానే కట్ట వైపు చూసి, "కట్ట తెగలేదు కదయ్యా. మీకు నష్టమేముంది?" అన్నాడు. మేము తెగనీయలేదని ఎట్లా చెప్పాలో ఎవరికీ తోచలేదు. పొలం మునిగినవాళ్లకు సాయం అందిందని తర్వాత విన్నాం.

పెద్దకాపు మమ్మల్ని కొట్టించలేదు. పనికి పిలవలేదు, అంతే. కలుపులకు పక్క ఊళ్ల నుంచి కూలీలను తెప్పించాడు. తక్కిన రైతులు ఆయనకు ఎదురు పోలేక వాళ్లూ పిలవడం మానేశారు. వదినను చావిట్లోకి రావద్దన్నారు. పొద్దున్నే మగవాళ్లు పారలు భుజాన వేసుకుని వీధి మొదట్లో నిలబడేవాళ్లు. ఎండ ఎక్కేదాకా నిలబడి వెనక్కు వచ్చేవాళ్లు. మా ఆయన ఇంట్లో ఎవరి ముఖమూ చూసేవాడు కాదు. నేను లోపలి నుంచే ఆ కాళ్ల చప్పుడు వింటూ, ఈ రోజు కూడా తిరిగొస్తున్నాడని తెలుసుకునేదాన్ని. వాడలో కొందరు మా అత్తను అన్నారు, ఆమె వల్లే కదా అని. మర్నాడు వాళ్లే వచ్చి నూకలు అప్పడిగారు. మా దగ్గర మాత్రం ఎక్కడున్నాయి.

యానాదులు ఎండలు రాగానే పోయారు. ఎక్కడికని అడిగితే, "యాడికి పోతామమ్మా, ఆడికే," అన్నారు.

నాకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డకు నెలలు రాగానే మేము కృష్ణపట్నం వైపు ఉప్పుమళ్లలో పనికి వెళ్లిపోయాం. అత్త రానంది. ఆఖరి నిమిషంలో బిడ్డను ఎత్తుకుని తానే ముందు నడిచింది. ఉప్పుమళ్ల దగ్గర కాళ్లు పగిలేవి, కళ్లు మండేవి, కానీ పొద్దున వీధిలో నిలబడి ఎవరైనా పిలుస్తారా అని చూసే పని లేదు. అక్కడే అత్త పోయింది. అంతకు ముందు ఏడాది ఒకసారి, ఆ రోజు కట్ట మీద భయం వెయ్యలేదా అత్తా అని అడిగాను. తల అడ్డంగా ఊపి, ఉప్పు గోనెలు చూపించి, అవి తడుస్తాయి లోపల పెట్టమంది.

తర్వాత కొన్నేళ్లకు, అరవైలు ముగిసేవేళ, మా వాడ నుంచి ఒకతను వచ్చాడు. ప్రతి కార్తీకానికి ముందు వాడవాళ్లంతా కలిసి కలుజు చూసి వస్తున్నారట. పెద్దకాపు మళ్లీ రాళ్లు పేర్పించబోతే పంచాయతీ సమితి ఆఫీసుకు పోయి కూర్చున్నారట. చివరికి ఇంజనీరు వచ్చి కలుజు ఎత్తు ఇంతేనని సిమెంటుతో ఖాయం చేయించాడు. అతను ఎంతో సంతోషంగా చెప్పాడు. మా ఆయనా సంతోషించాడు. నేను మాత్రం యానాదులెక్కడున్నారని అడిగాను.

"వాళ్లా? ఆడనే ఉండారక్కా. కాలవలోనే."

ఆ మాట విన్న తర్వాత నాకు అన్నం సయించలేదు. కలుజు ఇప్పుడు ప్రతి పెద్దవానకూ పొర్లుతుంది. మేము కోరుకున్నదే అది. వానలు పడేలోపే బస్సెక్కి అల్లూరు పోయి, అక్కడి నుంచి నడిచి చెరువు చేరాను. కాలవ గట్టున ఆ పాత చోట ఏమీ లేదు. అటూ ఇటూ చూస్తుంటే పైనుంచి ఎవరో పిలిచారు.

కలుజుకు ఇవతల, చెరువుకట్ట బయటివాలు మీద, కాలవకు మనిషెత్తు పైన గుడిసెలు వేసి ఉన్నాయి. పిలిచింది ఆ యానాదామే, జుట్టు నెరిసింది. నేను భుజాన వేసుకుని పోయిన ఆ పిల్ల, పరికిణీ ఎగగట్టి, గుడిసె చుట్టూ మట్టి మెత్తుతోంది.

"పైకి జరిగినాం," అంది ఆమె. "కట్ట పాడైపోతాది, దిగండి అని వచ్చి అరస్తా ఉండారు. ఇప్పటికి మూడు తూర్లు పీకేసినారు."

"మరి?"

"మళ్లా ఏసినాం," అని, నేను కూర్చోవడానికి చాప దులిపింది.